డేగ కార్డు దామోదర్

మా దామోదర్‌కు దేవుళ్ల మీద పెద్ద గురి లేదు. ఏడాదికొకసారి కొమురెల్లి మల్లన్న దగ్గరికి పోయి, మొక్కుకు రంగుల ముగ్గుతో పట్నం వేయించి వస్తాడు, అంతే. ఆయన గురంతా ఒక కంపెనీ మీద. దాని అసలు పేరు పలకబోతే నాలుక మడత పడుతుంది కాబట్టి మా వైపు ఎవరూ పలకరు. నల్ల డబ్బా మీద బంగారు రంగు డేగ బొమ్మ ఉంటుంది కనుక డేగ కార్డు అంటారు. జనగామలో గానీ, మహబూబాబాద్‌లో గానీ, భూపాలపల్లిలో గానీ పెళ్లి వీడియోలు చేసే ఏ గదిలోకి పోయినా, రెండేళ్ల కిందటి దాకా కంప్యూటర్ కడుపులో డేగ కార్డే ఉండేది. దాన్ని బిగించిన చెయ్యి దామోదర్‌దే అయి ఉండేది.

నేనెవరినంటే, జనగామ స్టేషన్ రోడ్డులో దామోదర్ దుకాణం పక్కనున్న జిరాక్స్ షాపు నాది. పేరు దిలీప్. అర్జీలు, అఫిడవిట్లు, అద్దె కాగితాలు టైపు చేసి బతుకుతాను. దామోదర్ నాకంటే నాలుగేళ్లు పెద్ద. మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అంతా విన్నాక ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

కంప్యూటర్లతో పనిలేని వాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. తెర మీద బొమ్మను నడిపించేది గ్రాఫిక్స్ కార్డు. మామూలు కంప్యూటర్‌కు అది లేకపోయినా నడుస్తుంది. కానీ మిక్సింగ్ వాళ్లకు, అంటే పెళ్లి వీడియోలు కోసి, అతికించి, పాటలు కలిపి ఇచ్చేవాళ్లకు అది లేకపోతే పూట గడవదు. ఒక పెళ్లికి నాలుగు కెమెరాలు తిరుగుతాయి. ఆ వీడియోలన్నీ కలిపి మూడు గంటల సినిమా తీయాలంటే మంచి కార్డు ఉంటే ఒక పూట, లేకపోతే రెండు రోజులు. మంచి ముహూర్తాల కాలంలో కార్డు పోయిందంటే, మిక్సింగ్ వాడికి కోతల కాలంలో చెయ్యి విరిగినట్టే.

దామోదర్ డేగను ఎందుకంత నమ్మాడో చెబుతాను. చాలా ఏళ్ల కింద మహబూబాబాద్‌లో ఒక స్టూడియోకు ఆయన పెట్టిన డేగ కార్డు తొమ్మిదేళ్లు నడిచింది. మధ్యలో ఆ కంప్యూటర్‌లో ఎలుక పిల్లల్ని పెట్టింది. ఒకసారి పిడుగు పడి టీవీ, ఫ్రిజ్ కాలిపోయాయి. కార్డు మాత్రం నడుస్తూనే ఉంది. ఈ కథను ఆయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ఎలుక పిల్లల సంఖ్య పెరిగేది. మొదట్లో మూడు, నేను చివరిసారి విన్నప్పుడు తొమ్మిది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు గానీ, దామోదర్ డేగకు ముక్కు నుంచి తోక దాకా ఏ లోపమూ లేదు.

ఆయనకొక అలవాటు ఉండేది. దసరాకు ఆయుధపూజ అందరమూ చేస్తాం. బండికి, బీరువాకు, నా జిరాక్స్ మిషన్‌కు నేనూ బొట్టు పెడతాను. అందరం పైన పెడతాం. దామోదర్ లోపల పెట్టేవాడు. అదీ దసరాకు కాదు, ప్రతి కంప్యూటర్‌కూ. అంతా బిగించాక, మూత వేసే ముందు, పసుపు కుంకుమ తడిపి కార్డు వెనక వైపు బొటనవేలితో గట్టిగా అద్దేవాడు. "పైన పెడ్తె రేకుకు పెట్టినట్టు. ప్రాణానికి పెట్టాలె" అనేవాడు. మిక్సింగ్ వాళ్లకు ఆ బొట్టు బంగారం మీది ముద్ర లాంటిదైపోయింది. వేరే దుకాణంలో అదే కార్డు తక్కువకు దొరికినా, బొట్టు లేని కార్డు మనకొద్దని ఇక్కడికే వచ్చేవాళ్లు.

అట్లా వచ్చిన మనిషే సంగీత. గార్ల దగ్గర ఒక లంబాడీ తండా వాళ్లది. ఇంటర్ దాకా చదివి, మహబూబాబాద్‌లో, అంటే మా వాడుకలో మానుకోటలో, ఒక స్టూడియోలో మిక్సింగ్ నేర్చుకుని, సొంతంగా ఒక గది అద్దెకు తీసుకుంది. ఆ పనిలో ఆమెకు ఎదురులేదు. మిగతా స్టూడియోల వాళ్లు తండా పెళ్లి వీడియోకు కూడా ఏవో సినిమా పాటలు అతికించి ఇచ్చేవాళ్లు. సంగీత మాత్రం తండా ముసలమ్మలు పెళ్లికూతురు చుట్టూ చేరి పాడే పాటలను, వాళ్ల ఏడుపుతో సహా, పాడింది పాడినట్టే ఉంచేది. తమ మాట తమకు వినపడే వీడియో అని డోర్నకల్ నుంచి కూడా వచ్చి పని ఇచ్చిపోయేవాళ్లు.

భర్త నరేశ్ కెమెరా పట్టేవాడు. అంతకుముందు మూడేళ్లు చెల్పూర్ పవర్ ప్లాంటులో కాంట్రాక్టు కింద కేబుళ్ల పని చేశాడు. సంగీత గదికి వైరింగంతా తనే చేశాడు. నేనొకసారి ఆ గదికి పోయాను. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చే ముందు స్విచ్ బోర్డు చూపించేవాడు. ఏ వైరు ఎక్కడికి పోతుందో రంగురంగుల టేపులు చుట్టి, ప్లాంటులో ఇంజనీర్లు చేయించినట్టే చేశానని చెప్పేవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ బోర్డు గురించి మాత్రం మాట్లాడేవాడు.

రెండున్నరేళ్ల కింద ఇద్దరూ కొత్త కార్డు కోసం జనగామ వచ్చారు. అప్పటికే మార్కెట్‌లోకి ఇంకో కంపెనీ వచ్చింది. దాన్ని తెల్ల డబ్బా అంటున్నారు.

"గా తెల్ల డబ్బది మంచిగున్నదని యూట్యూబుల చెప్తున్నరన్నా" అంది సంగీత.

"యూట్యూబోడు మానుకోటకొచ్చి నీ కంప్యూటర్ విప్పుతడా చెల్లే?" అన్నాడు దామోదర్. "డేగల కొత్త మోడల్ వచ్చింది. కండ్లు మూస్కోని తీస్కపో. ఏమన్నైతె నేనున్న."

కళ్లు మూసుకునే తీసుకుపోయారు. మూత వేసే ముందు బొట్టు పెడుతుంటే సంగీత చెప్పులు విడిచి దండం పెట్టుకుంది. నాకిప్పటికీ ఆ చెప్పులు విడవడమే కళ్లలో ఆడుతుంది.

మొదట పోయింది భూపాలపల్లిలో మిక్సింగ్ చేసే ప్రకాశ్ కార్డు. తెర మీద ఎర్రటి, పచ్చటి గీతలు పడి, ఫ్యాన్లు బుయ్యిమని మోగి, అంతా నల్లగా అయిపోయిందని ఫోన్ చేశాడు. దామోదర్ ఇక్కడి నుంచే రోగం చెప్పేశాడు.

"మీ దగ్గర బొగ్గు దుమ్ము ప్రకాశూ. గా దుమ్ముకు మనుషులే ఆగుతలేరు, కార్డేం ఆగుతది?"

ప్రకాశ్ నిజమే కాబోలనుకుని కంప్యూటర్ చుట్టూ అద్దాల గూడు కట్టించాడు. లోపలికి దుమ్ము పోలేదు, గాలీ పోలేదు. దామోదర్ హాట్ గన్‌తో వేడి చేసి బతికించి ఇచ్చిన కార్డు ఆ గూట్లో పద్దెనిమిది రోజులుండి మళ్లీ పోయింది. తర్వాత మా జనగామలోనే రెండు పోయాయి. కోతులు సర్వీసు వైరు పట్టుకుని ఊగుతున్నాయి కాబట్టి కరెంటు ఎక్కువతక్కువ అవుతున్నదన్నాడు. అయిదో నెలలో సంగీత కార్డు పోయింది. ఎర్తింగ్ సరిగ్గా లేదన్నాడు.

భూపాలపల్లిలో బొగ్గు, జనగామలో కోతులు, మహబూబాబాద్‌లో ఎర్తింగ్. మూడు ఊళ్లకు మూడు కారణాలు దొరికాయి. మూడు ఊళ్లలోనూ ఒకటే మోడల్ కార్డు ఉందన్న సంగతి ఒక్కటే ఆయనకు కనపడలేదు. ఆ మోడల్‌లో మెమరీ చిప్పులు ఉడికిపోతున్నాయని ప్రపంచమంతా మొత్తుకుంటున్నదని నేనే ఫోన్‌లో తీసి చూపించాను. "గవన్ని తెల్ల డబ్బోళ్లు పైసలిచ్చి రాపిస్తరు" అన్నాడు. ఇక నేనేం మాట్లాడతాను? సొంత తమ్ముడు తాగి పడిపోయాడంటే కాలు జారిందనే వాళ్లను నేను చూశాను. ఒక డబ్బాను అట్లా వెనకేసుకొచ్చే మనిషిని చూడడం అదే మొదటిసారి.

నరేశ్ కార్డు పట్టుకుని వచ్చాడు. సంగీత కూడా వచ్చింది.

"అన్నా, ఎర్తింగ్ మల్ల కొత్తగ తవ్విన" అన్నాడు నరేశ్. "ఉప్పు, బొగ్గు పోసిన. రోజు నీళ్లు పోస్తున్న. మీటర్ పెట్టి చూసిన. మంచిగనే ఉన్నది."

"ప్లాంటుల కేబుళ్లు గుంజుడు వేరు తమ్మీ, ఇంటి కరెంటు వేరు."

నరేశ్ మొహం ముడుచుకుపోయింది. సంగీతే అందుకుంది. "మా బాపు పత్తి గింజలు మొలుస్తలెవ్వని దుకాణపాయన దగ్గరికి పోతె, నీ చెల్క మంచిగ లేదు అన్నడట. గట్లనే ఉన్నదన్నా నీ ముచ్చట."

దామోదర్ చేతిలోని కార్డును బల్ల మీద పెట్టాడు. ఆమె వెంటనే నవ్వేసింది. "ఊకె అన్ననన్నా. నువ్వు చెప్పినంక గంతే. ఎట్ల జేస్తవో చెయ్యి, ముందట ముహూర్తాలున్నయి."

ఆ నవ్వు ఆయనను కొంచెం కదిలించినట్టుంది. పోయిన కార్డులన్నీ తెప్పించుకున్నాడు. తర్వాత పోయినవి కూడా కలిపి మొత్తం ఏడు. మూడేళ్ల వారంటీ ఉంది కాబట్టి కొత్తవి ఇస్తారని హైదరాబాద్‌లో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తనే మోసుకుపోయి ఇచ్చి వచ్చాడు. పన్నెండు రోజులకు ఏడూ తిరిగొచ్చాయి. డబ్బాలో ఒక్కో కార్డుకు ఒక్కో ఇంగ్లీషు కాగితం ఉంది. దామోదర్ అవి పట్టుకుని నా షాపుకొచ్చాడు.

"ఏం రాసిండ్రు దిలీపూ?"

"బోర్డు మీద బయటి పదార్థం ఉన్నదట. తడి తగిలిందట. గందుకే వారంటీ ఇయ్యమంటున్నరు."

"బయటి పదార్థం ఏంది?"

కాగితం వెనక ఫొటో ఉంది. తిప్పి చూపించాను. కార్డు వెనక దామోదర్ బొట్టు. పసుపు మీద కుంకుమ, కుంకుమలో ఆయన బొటనవేలి గీతలు కూడా కనపడుతున్నాయి. దాని చుట్టూ ఎవరో ఎర్రటి సున్నా చుట్టారు. ఏడు కాగితాల మీదా అదే సున్నా.

ఆయన ఏడూ తిప్పి తిప్పి చూశాడు. బొటనవేలు ప్యాంటుకు రుద్దుకున్నాడు.

"పసుపు కుంకుమ గూడ బయటి పదార్థమేనా?" అన్నాడు.

ఇక్కడ న్యాయం మాట్లాడుకోవాలంటే, కార్డులు చచ్చింది బొట్టు వల్ల కాదు. పదేళ్లుగా పెడుతున్న బొట్టు అంతకుముందు ఒక్క కార్డునూ చంపలేదు. చచ్చింది కంపెనీ చేతకానితనం వల్ల. కానీ తప్పించుకోవడానికి సందు వెతుక్కుంటున్న కంపెనీకి దామోదరే వాకిలి తీసి పెట్టాడు. అంత పెద్ద కంపెనీ, అన్ని దేశాల్లో అమ్మే కంపెనీ, చిటికెడు కుంకుమ వెనక దాక్కుంది. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మంటంతా కంపెనీ మీదే ఉండి ఉంటే బాగుండేది. దామోదర్ షట్టరు సగం దించి, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"దిలీపూ, గీ ఒక్క ముక్క మార్చరాదు?"

"ఏ ముక్క?"

"బయటి పదార్థం తీసేసి, కరెంటు ఎక్కువొచ్చి కాలింది అని కొట్టు. నా బొట్టు వల్ల వారంటీ పోయిందంటె మూడు జిల్లాలల్ల తలెత్తుకోని తిరుగుతనా? పదిహేనేండ్ల పేరు. కార్డులెట్లాగు రావాయె. పేరన్న ఉండనియ్యి."

నేను వద్దనలేదు. వద్దన్నానని రాసుకుంటే ఎవరికీ తెలియదు, కానీ అనలేదు. పక్క షాపువాడు, రోజూ కలిసి చాయ్ తాగేవాడు, మొహం అంత చిన్నబోయి అడిగాడు. పావుగంటలో చేసి ఇచ్చాను. కంపెనీ గుర్తును స్కాన్ చేసి పైన పెట్టాను, అక్షరాలు కూడా వాళ్లవే కలిసేట్టు చూశాను. వాళ్ల కాగితానికీ నా కాగితానికీ తేడా తెలియలేదు. నా పనితనం చూసుకుని కొంచెం గర్వపడ్డాను కూడా. ఇంతకంటే సిగ్గుమాలిన మాట నేను ఇంకొకటి రాయలేను.

ఏడు కార్డులతో ఏడు దొంగ కాగితాలు పోయాయి. ప్రకాశ్ కాగితం చించి, ఫోన్‌లో నాలుగు బూతులు తిట్టి, ఆన్‌లైన్‌లో తెల్ల డబ్బా తెప్పించుకున్నాడు. మిగతావాళ్లు తిట్టకుండానే హన్మకొండ పోయి తెల్ల డబ్బా కొనుక్కున్నారు. ఎలక్షన్ల ముందు కండువా మార్చినంత తేలిగ్గా అందరూ మారిపోయారు. నిన్నటిదాకా డేగ తప్ప ముట్టని వాళ్లే, డేగ కొన్నవాడంత పిచ్చోడు లేడని వాట్సాప్ గ్రూపుల్లో రాయడం మొదలుపెట్టారు.

సరే, వాళ్లు మారారు. వాళ్ల కార్డులు పోయాయి, మారే హక్కు వాళ్లకుంది. నాకు కోపమొచ్చింది దామోదర్ మారినప్పుడు. ఆరు నెలలు తిరగకముందే ఆయన అద్దాల బీరువాలో తెల్ల డబ్బాలు వరుసగా వచ్చి కూర్చున్నాయి. "డేగల పనైపోయింది. ఇప్పుడంత తెల్లదే" అని, ఎలుక పిల్లల కథ చెప్పిన నోటితోనే చెబుతున్నాడు. బొట్టు కూడా మానేశాడు. ఎవరైనా అడిగితే పాత పద్ధతులన్నాడు. నన్ను మాత్రం ఆ కాగితాల గురించి ఒక్కమాట ఎత్తనివ్వలేదు. నేనూ ఎత్తలేదు. రోజూ చాయ్ మాత్రం కలిసే తాగాం.

సంగీత మళ్లీ వచ్చింది శ్రావణం ముందు. ఒక్కతే వచ్చింది. సన్నబడింది. అప్పుడు నేను దామోదర్ దుకాణంలోనే ఉన్నాను.

"కార్డు గావాలన్నా. గా డేగనే ఇయ్యి" అంది.

దామోదర్ నా వైపు చూశాడు. "డేగెందుకు చెల్లే? తెల్లది తీస్కో. అందరు గదే తీస్కుంటున్నరు."

"ఎందుకన్నా? డేగది తప్పేం లేదని కంపెనీ కాగితంలనే ఉన్నది గదా. తప్పు మాదేనాయె. వైరింగంత పీకిపిచ్చి లైసెన్సున్న ఆయనతోని కొత్తగ చేపిచ్చిన. ఇగ ఏం గాదు."

"నరేశేడి?" అని అడిగాను నేను. ఏదో ఒకటి అడగాలని అడిగాను.

ఆమె సంచీలోంచి సీసా తీసి నీళ్లు తాగింది.

"ఇల్లిడిచి పోయిండన్నా. కాగితమొచ్చిన నాడు పెండ్లిపిల్లోళ్లు వీడియో కోసమొచ్చి లొల్లి వెట్టిండ్రు. నేను పరేషాన్ల ఉన్న. గా కాగితం ఆయన మొఖాన గొట్టిన, గందరి ముంగట. నీకు ప్లాంటుల గడ్డపార మోసుడు తప్ప ఏమొస్తది, నీ చేతులతోని నా బతుకు కాలవెట్టినవ్ అన్న. ఆయన నాలుగు రోజులు మాట్లాడలే. అయిదో నాడు ఆ బోర్డంత ఆయనే విప్పిండు. వైర్లు చుట్టలు చుట్టి గోడకు తలిగేసిండు. కెమెరా మంచం మీద పెట్టిండు. పట్నంల లిఫ్టులు బిగించే కంపెనీల చేస్తున్నడని మా అత్తకు చెప్పిండట. నా ఫోన్ ఎత్తడు."

దొంగకు తేలు కుట్టినట్టు ఇద్దరం నిలబడ్డాం. తెల్ల కార్డు కొనమంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే కాగితం బయటపడుతుంది. డేగ ఇస్తే మళ్లీ అయిదు నెలలకు పోతుంది, పోతే ఈసారి ఆమె ఎవరి మొహాన కొడుతుంది?

దామోదర్ కుర్చీ వేసుకుని ఎక్కాడు. పై అరలో మిగిలిపోయిన నల్ల డబ్బా ఒకటుంది. దాన్ని తీసి, దుమ్ము తుడిచి, గాజు బల్ల మీద పెట్టాడు. ఇచ్చేస్తాడనే అనుకున్నాను. ఇచ్చేస్తే బాగుండని కూడా ఒక్క క్షణం అనుకున్నాను, నా పేరు బయటికి రాదు కదా అని. ఆమె డబ్బా మీద చెయ్యి వేసింది. ఆయన వదలలేదు.

"చెల్లే" అన్నాడు. డబ్బాను తన వైపు లాక్కున్నాడు. మళ్లీ అన్నాడు. "చెల్లే, నరేశ్ తప్పేం లేదు. గా కాగితం నేనే మార్పిచ్చిన."

అంతా చెప్పాడు. మోడల్ మంచిది కాదన్నది, ఏడు కార్డులూ అట్లాగే పోయాయన్నది, బొట్టు చుట్టూ సున్నా చుట్టారన్నది, వారంటీ ఎందుకు రాలేదన్నది, అన్నీ. తల ఎత్తకుండా చెప్పాడు. నా పేరు మాత్రం చెప్పలేదు.

సంగీత ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"బొట్టు వల్ల వారంటీ రాలేదని అప్పుడే చెప్తె ఏమైతుండెనన్నా?"

"నా పేరు..."

"నేనైతె నవ్వుతుంటి. పోతె పోయిందని ఇంకో కార్డు గూడ నీ దగ్గర్నే కొంటుంటి. డేగేందో తెల్లదేందో నాకేం తెలుసన్నా? నేను కార్డును జూసి కొన్ననా? నిన్ను జూసి కొన్న."

దామోదర్ ఆ గాజు బల్ల మీద రెండు చేతులూ పెట్టి నిలబడిపోయాడు. నలభై ఆరేళ్ల మనిషి. మూడు జిల్లాల్లో పేరు కోసం అబద్ధం ఆడాడు. ఆ పేరును నమ్మిన చివరి మనిషి ఎదురుగా నిలబడి ఉంది.

"మార్పిచ్చిన అంటున్నవు. ఎవరు మార్చిండ్రు?" అంది.

ఆయన నా వైపు చూడకుండా డబ్బా మూత సర్దాడు. నేను దాక్కోవచ్చు. కానీ ఆ రోడ్డులో టైపు చేసేవాణ్ణి నేనొక్కణ్ణే, ఆమె అప్పటికే నన్ను చూస్తున్నది.

"నేనేనమ్మా" అన్నాను.

"అయితె ఇప్పుడు నిజం గొట్టన్నా. తెలుగుల గొట్టు. ఆయన కాగితం జూసే నమ్మిండు, నేనూ కాగితం జూసే నమ్మిన. నోటి మాట ఇగ నమ్మడు."

ముగ్గురం నా షాపులోకి వచ్చాం. కూర్చుని టైపు చేశాను. మొదటి వాక్యం ఆమే చెప్పింది. నరేశ్ చేసిన వైరింగులో ఏ తప్పూ లేదు. మిగతాది నేను రాశాను. కార్డుల లోపం, కంపెనీ నెపం, మేం చేసిన దొంగ పని, నాలుగు పేరాల్లో వచ్చింది. పావుగంటే పట్టింది ఈసారి కూడా. దామోదర్ సంతకం చేసి దుకాణం ముద్ర వేశాడు. ఆమె కాగితాన్ని నా వైపు జరిపింది. నేనూ సంతకం చేశాను. నా చెయ్యి వణికిందని చెప్పుకోవాలని ఉంది, కానీ వణకలేదు. రోజూ నలుగురైదుగురి అఫిడవిట్ల మీద సాక్షి సంతకం చేసే చెయ్యి అది.

ఆమె కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి నరేశ్‌కు పంపింది. షాపు మెట్ల మీద కూర్చుంది. చాయ్ తెప్పిస్తే వద్దంది. కొంచెం సేపటికి, "చూసిండు" అంది. రెండు టిక్కులూ నీలంగా మారాయన్నమాట. ఇంకా కూర్చుంది. ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఈసారి అవతల కట్ చేశారు. ఫోన్‌లో వాళ్ల భాషలో ఏదో మాట్లాడి రికార్డు చేసి పంపింది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఆ గొంతు విన్నాక అర్థం కావలసిన పని లేదు. అది కూడా విన్నట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

మహబూబాబాద్ బండికి వేళయింది. లేచి చీర దులుపుకుంది. దామోదర్ తెల్ల డబ్బా ఒకటి తెచ్చి చేతిలో పెట్టబోయాడు. "ఊకెనే తీస్కపో చెల్లే. పైసలొద్దు" అన్నాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"మీరందరు డబ్బా మార్సుకున్నరు. నల్లది వాయె, తెల్లదొచ్చె. మీ పని అయిపాయె" అంది. "నేనేం మార్సుకోవాలెనన్నా?"

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్‌లో పెట్టుకుని స్టేషన్ వైపు నడిచింది. దామోదర్ డబ్బా పట్టుకుని రోడ్డు మీదే చాలాసేపు నిలబడ్డాడు. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. ఎవరో ఆధార్ జిరాక్స్ అడిగితే తీసి ఇచ్చాను.

అది జరిగి సంవత్సరం దాటింది. నరేశ్ తిరిగి వచ్చాడో లేదో మాకు తెలియదు. ఆమె నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఉంది. చేసి అడిగే మొహం ఇద్దరికీ లేదు.